ఐదో నంబరు

స్కాల్‌వెల్ టౌన్ క్లబ్బుకు నూట పాతికేళ్ళు నిండాయని
టీ గదిలో హీటరు చుట్టూ చేరాం నలుగురం,
ఆడి వెళ్ళిపోయిన ఆరొందల మందిలోంచి
పదకొండు మందిని ఏరడానికి.
వాళ్ళ మీద ఒక మేనేజరు.

నన్నెందుకు పిలిచారంటే మందుల షాపు నాది.
"ఊళ్ళో ప్రతి మోకాలూ నీకు తెలుసు కదా"
అన్నాడు లెన్ ఓల్డ్‌రాయిడ్.
తెలుసు.
ఇరవై రెండేళ్ళ యార్క్‌షైర్ వానా తెలుసు,
తూర్పు స్టాండు రేకుల కింద
సరిగ్గా కారే చోటే నా సీటు.

గోలీ దగ్గర గొడవ లేదు.
ఎర్నీ థ్రెల్‌ఫాల్. చిటికెనవేలు విరిగితే
పక్కవేలికి బూటు లేసుతో కట్టేసి
మిగతా ఆట ఆడాడట.
చూసినవాళ్ళెవరూ బతికి లేరు,
కాదనేవాళ్ళూ లేరు.
చచ్చినవాడి కళ్ళు చారెడు అని
మా అమ్మమ్మ అనే మాట ఇంగ్లీషులో పెట్టి చెప్పాను.
బెరిల్ నవ్వి "గోలీకైతే చేతులు కూడా" అంది.

కుడి అంచున క్లైడ్ బ్రాత్‌వెయిట్.
బార్బడోస్ నుంచి వచ్చిన బస్సు కండక్టరు కొడుకు.
గీత మీద పరిగెడితే సున్నం లేచేదట.
ఆ రోజుల్లో అరటి తొక్కలు విసిరినవాళ్ళలో
తనూ ఉన్నానని
ఎవరూ అడగకుండానే లెన్ చెప్పాడు,
చెప్పి, మొదటి చెయ్యి తనే ఎత్తాడు.
కాసేపు హీటరు ఒక్కటే మాట్లాడింది.

మేనేజరు దగ్గర మాత్రం టీ చల్లారిపోయింది.
మక్‌ఫెయిల్ కప్పు దాకా తీసుకెళ్ళినవాడు,
అద్దంలా మెరిసే బూట్లు, నోరు తెరిస్తే నిప్పులు.
"కాదు, డన్‌క్లీ" అంది బెరిల్.
"గెలిచినవెన్ని?"
"నాలుగు."
"నలభై ఆరిట్లో?"
"నలభై ఆరిట్లోనే.
కానీ కుర్రాళ్ళకి జీతాలు లేని చలికాలం
సొంత కారవాన్ అమ్మి పంచినవాడు,
లేకుంటే ఇవాళ ఈ గదే లేదు,
నువ్వు తాగే టీ అంతకన్నా లేదు."
నాణెం ఎగరేశాం.
అది దొర్లుతూ హీటరు కిందికి పోయింది,
నలుగురిలో వంగగలిగిన నడుం ఒక్కటీ లేదు.
వచ్చే మంగళవారానికి వాయిదా.

ఒకటి మరిచాను.
ఐదో నంబరు.
అందరూ ఒక్క నోటితో అన్నారు, వాల్ట్ సగ్డెన్.
తడిసిన తోలు బంతి ఇసుకమూటంత బరువున్న కాలంలో
పన్నెండేళ్ళు ప్రతిదాన్నీ నుదుటితో తిప్పికొట్టినవాడు.
"రాయి ఆ తల! రాయి!" అన్నాడు లెన్
బల్ల మీద దరువేస్తూ.
నేను పేరు రాసుకున్నాను, పైకి చూడలేదు.
ఏ ఇంటికి ఏ మాత్ర వెళ్తుందో
నోరు జారకూడని కొలువు నాది.
సోమ, మంగళ, బుధ అని
గళ్ళు గళ్ళుగా డబ్బా నింపేది నేనే.

గురువారం ఆయనే వచ్చాడు
భార్య మోచెయ్యి పట్టుకుని.
కౌంటరు మీద నా కాగితం చూశాడు,
గీసిన చిన్న మైదానం, పది పేర్లు, ఒక మూల టీ మరక.
"వెనక మధ్యలో ఎవర్ని పెట్టారు?"
చెప్పాను.
ఆ పేరును నోట్లో ఒకసారి తిప్పి చూసుకున్నాడు,
ఎక్కడో తిన్న రుచిలా.
"వాడా! మంచివాడే.
గాల్లోకి లేచి, అక్కడే ఆగేవాడు.
నువ్వు చూశావా?"

ఆయన ఆఖరి ఆట ఆడేనాటికి
తెనాలిలో నేనింకా పుట్టలేదు.
ఆవిడ నా వైపు చూస్తోంది.

"చూశాను" అన్నాను.
అడక్కపోయినా
"ఆ రోజు వాన" అని కూడా అన్నాను.

ఆయన అరచేత్తో
నుదురు తుడుచుకున్నాడు.